కరోనాపై సభాసంఘం ఏది?

ఆంధ్రప్రదేశ్ శాసనసభాపతి చింతకాయల అయ్యన్నపాత్రుడు గారికి, తెలంగాణ శాసనసభాపతి గడ్డం ప్రసాద్‌కుమార్ గారికి:

2025 జనవరి 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ సోకిందన్న వార్త వచ్చింది. ఆ సాయంత్రానికి సెన్సెక్స్ 1,200 పాయింట్లకు పైగా పడిపోయింది. చైనా ఆసుపత్రుల వీడియోలు వాట్సాప్‌లో మళ్లీ చక్కర్లు కొట్టాయి. మళ్లీ లాక్‌డౌనేనా అని జనం ఒకరినొకరు అడిగారు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను గుర్తించింది 2001లో. పిల్లల డాక్టర్లకు అది పాత పరిచయమే.

పాత వైరస్‌కే ఇంత అలజడి అయితే, నిజంగా కొత్తది వచ్చిన రోజున రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరేం మాట్లాడతారో ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. అంతా అదుపులో ఉందని అధికార పక్షం అంటుంది. ప్రభుత్వం చేతులెత్తేసిందని ప్రతిపక్షం అంటుంది. నాలుగు రోజులు తిరగకముందే తిట్టడానికి ఒక ఊరో, ఒక కులమో, ఒక మతమో, కాదంటే పక్క రాష్ట్రమో దొరుకుతుంది. కరోనా కాలంలో జరిగింది ఇదే. ఆ కాలాన్ని మీ రెండు సభలూ ఇంతవరకు వెనక్కి తిరిగి చూడలేదు. సభాసంఘం వేసి చూడమని అడగడానికే ఈ లేఖ.

మిగతా విషయాల్లో వెనక్కి చూసే అలవాటు రెండు ప్రభుత్వాలకూ బాగానే ఉంది. 2024లో అధికారంలోకి వచ్చిన చంద్రబాబు ప్రభుత్వం పోలవరం, అమరావతి, విద్యుత్తు, మద్యం, అప్పులు అంటూ వరసగా శ్వేతపత్రాలు విడుదల చేసింది. తెలంగాణలో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం వచ్చీ రాగానే ఆర్థిక పరిస్థితిపై శ్వేతపత్రం పెట్టింది, కాళేశ్వరంపై ఒక కమిషన్, విద్యుత్తు ఒప్పందాలపై మరో కమిషన్ వేసింది. వేల ప్రాణాలు పోయిన కరోనా మీద మాత్రం అటు శ్వేతపత్రం లేదు, ఇటు కమిషన్ లేదు. ఆ రోజుల్లో ఎవరు ఎవరిని తిట్టారో తెలుసుకోవాలంటే పాత పేపర్లు తిరగేస్తే చాలు. ఏ నిర్ణయం ఎవరు, ఏ లెక్క చూసి తీసుకున్నారన్నది మాత్రం ఒక్కచోట ఎక్కడా దొరకదు.

మొదట జనం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసూ బయటపడకముందే, 2020 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లా తొట్టంబేడు మండలంలో ఒకాయన తనకు కరోనా వచ్చిందనుకుని, ఇంట్లోవాళ్లకు అంటుకోకూడదని వాళ్లను లోపల పెట్టి తాళం వేసి ప్రాణం తీసుకున్నాడు. ఫోన్లో చూసిన వీడియోలు ఆయన్ని అంత భయపెట్టాయి. అదే నెలలో కోడిమాంసం తింటే వైరస్ వస్తుందన్న పుకారుతో చికెన్ ధరలు కుప్పకూలాయి. ఫిబ్రవరి 28న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో కేటీఆర్, ఈటల రాజేందర్ వంటి మంత్రులు వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. నవ్వులాటగా కనిపించినా ఆ కాలంలో ప్రభుత్వం చేసిన తెలివైన పనుల్లో అదొకటి. భయపడినవాణ్ణి తిట్టలేదు, తిని చూపించారు.

అలాంటిదే మరొకటి తిరుపతిలో జరిగింది. కరోనాతో పోయినవారి శవాల దగ్గరకు అయినవాళ్లే రాని రోజుల్లో, 2020 ఆగస్టులో, అప్పటి ఎమ్మెల్యే భూమన కరుణాకరరెడ్డి స్వయంగా అంత్యక్రియల్లో పాల్గొన్నారు. అంతకు కొద్దివారాల ముందు, జూన్ 26న, పలాసలో ఒక మృతదేహాన్ని జేసీబీలో వేసి తరలించారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ఆగ్రహించారు, మున్సిపల్ కమిషనర్ సస్పెండయ్యారు, కథ ముగిసింది. పీపీఈ కిట్లు ఎన్ని ఇచ్చారు, శవాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరికైనా నేర్పారా అన్న ప్రశ్న ఆ సస్పెన్షన్ ఉత్తర్వు కిందే ఉండిపోయింది. ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టర్ చెన్నైలో చనిపోతే అంబత్తూరు శ్మశానంలో దహనానికి ఒప్పుకోలేదు. అదే నెలలో చెన్నైలోనే మరో డాక్టర్ అంబులెన్సుపై రాళ్లు పడ్డాయి. ఇలాంటి దాడులు పెరగడంతో ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలని చెప్పింది.

జనం భయం నేతల నోటికి అందితే ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీలోని తబ్లిగీ జమాత్ కేంద్రం మర్కజ్ ఉదంతం చాలు. మార్చిలో కరీంనగర్ వచ్చిన ఇండోనేసియా బృందానికి వైరస్ ఉందని కనిపెట్టింది తెలంగాణ ఆరోగ్య సిబ్బందే. ఢిల్లీ నిజాముద్దీన్ వెళ్లొచ్చినవారిలో ఆరుగురు చనిపోయారని మార్చి 30 రాత్రి ప్రకటించిందీ తెలంగాణ ప్రభుత్వమే. దాంతో విషయం దేశమంతా గుప్పుమంది. అంతవరకు అది మంచి నిఘా. వెళ్లొచ్చినవారిని వెతకాల్సిందే, పరీక్షలు చేయాల్సిందే. ఆ తర్వాతే దారి తప్పింది. ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌తో ముడిపడినవేనని, ఆ వాటా తెలంగాణలో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 61 శాతం అని చెప్పింది. పరీక్షలే అరకొరగా జరుగుతున్న రోజులవి. ఎవరిని ఎక్కువగా వెతికి పరీక్షిస్తే వారి వాటా ఎక్కువగా కనిపించకుండా ఎలా ఉంటుంది? ఈ చిన్న సంగతి చెప్పే నాథుడు లేక, కూరగాయల బండి నడిపే ముస్లిం కుర్రాడి ఆధార్ కార్డు అడిగేదాకా వెళ్లింది వ్యవహారం.

కోర్టులు తర్వాత మెల్లగా మాట్లాడాయి. ఆ ఏడాది ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీయులపై కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అంది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలేసింది. వాళ్లకు ఆశ్రయం ఇచ్చారన్న 70 మంది భారతీయులపై అభియోగపత్రాలను ఢిల్లీ హైకోర్టు కొట్టేసేసరికి 2025 జులై వచ్చింది. నింద వేయడానికి పట్టింది ఒక వారం, దించడానికి అయిదేళ్లు. మర్కజ్ పేరు చెప్పగానే ఇళ్లలో దాక్కున్నవాళ్లు, జ్వరం వచ్చినా చెప్పనివాళ్లు ఎందరో లెక్క లేదు. దాక్కున్న ప్రతి ఒక్కరూ వైరస్‌కు దారే.

ఇక కరోనా వాదన చేతులు మారిన తీరు చూడాలంటే ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల కంటే మంచి ఉదాహరణ లేదు. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కరోనా కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటికి రాష్ట్రంలో బయటపడిన కేసు ఒక్కటే, నెల్లూరులో. ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి విలేకరులను పిలిచి పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ గురించి చెప్పడంతో ఆగలేదు, కమిషనర్ సామాజికవర్గం ఏమిటో కూడా గుర్తుచేశారు. ఏప్రిల్‌లో ఆర్డినెన్స్‌తో ఆయన పదవీకాలాన్ని కుదించి ఇంటికి పంపారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్ కొట్టేసింది. జులై చివర్లో ఆయన మళ్లీ వచ్చారు.

అసలు విచిత్రం 2021 జనవరిలో. ఎన్నికలు పెడతానని ఇప్పుడు కమిషనర్ అన్నారు. కరోనా ఉంది, టీకాల కార్యక్రమం ఉంది, వద్దని ప్రభుత్వం అంది. ఏడాది తిరగకుండానే రెండు పక్షాలూ ఒకరి వాదన ఒకరు తీసుకున్నాయి. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఫిబ్రవరిలో పంచాయతీ, మార్చిలో పురపాలక, ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలు జరిగాయి. అప్పటికి రెండో వేవ్ గుమ్మంలో ఉంది. మొదటి వాయిదా సరైనదా, రెండో మొండితనం సరైనదా అన్నది ఆరోగ్య శాఖ దగ్గరున్న లెక్కలతో తేలాల్సిన సంగతి. ఆ లెక్కలు ఎవరూ అడగలేదు. కులం చుట్టూనే చర్చ తిరిగింది.

తెలంగాణ తక్కువ తినలేదు. 2020 మార్చి 7న శాసనసభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఓ శాస్త్రవేత్త మిత్రుడు చెప్పాడంటూ పారాసిటమాల్ ఒక్కటి చాలన్నారు. ఆ మాటను ప్రతిపక్షాలు ఏళ్లపాటు వాడుకున్నాయి. నిజం చెప్పాలంటే తేలికపాటి లక్షణాలున్నవారికి తర్వాత ఇంటి దగ్గర ఇచ్చింది చాలావరకు ఆ మాత్రే. ఎగతాళి చేసినవాళ్లు ఆ రోజు సభలోనే, రాష్ట్రంలో వెంటిలేటర్లు ఎన్ని ఉన్నాయో లెక్క బల్ల మీద పెట్టించి ఉంటే జనానికి మేలు జరిగేది. 2021 ఏప్రిల్ 14న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం హాలియాలో భారీ సభ పెట్టారు. అయిదు రోజులకు ముఖ్యమంత్రికే పాజిటివ్ వచ్చింది. ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకు పోలింగ్ జరిగింది. మే 1న, రెండో వేవ్ నడినెత్తిన ఉండగా, ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ నుంచి శాఖ తీసేశారు. కారణం భూముల ఆరోపణలు. ఆ శాఖకు ఆ వారంలో మంత్రి మారడం వల్ల ఏమైనా ఆగిందా, లేదా? ఇదీ సభాసంఘం అడగాల్సిన ప్రశ్నే.

నిందకు అన్నిటికంటే ఎక్కువగా భయపడింది బులెటిన్. 2020 జులై చివరికి ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు పదివేల కేసులు దాటాయి. అదే వారం తెలంగాణ బులెటిన్‌లో రోజువారీ సంఖ్య రెండువేల దరిదాపుల్లో ఉంది. వైరస్‌కు నాగార్జునసాగర్ గట్టు మీద సరిహద్దు తెలియదు కదా. ఆంధ్రప్రదేశ్ పరీక్షలు విరివిగా చేసింది, తెలంగాణ ఆ రోజుల్లో చాలా తక్కువ చేసింది. చనిపోయినవారికి పరీక్షలు అక్కర్లేదన్న ఆదేశాన్ని తెలంగాణ హైకోర్టు తప్పుపట్టింది, బులెటిన్‌లో వివరాలు సరిగా లేవని పదేపదే చీవాట్లు పెట్టింది. అయినా టీవీలో తిట్లు తిన్నది ఎవరు? ఎక్కువ కేసులు చూపించిన ప్రభుత్వం. ఎక్కువ వెతికితే ఎక్కువ తిట్లు పడతాయంటే మరోసారి ఎవరు వెతుకుతారు? ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్షం ఆనాడు పరీక్షల సంఖ్యను మెచ్చుకుని, ఆసుపత్రి పడకల సంఖ్యను నిలదీసి ఉండాల్సింది.

మరణాల లెక్క ఇంకా ఘోరం. సుప్రీంకోర్టు ఆదేశంతో ఒక్కో కుటుంబానికి 50 వేల రూపాయల పరిహారం వచ్చాక లోపలి లెక్క బయటికి రావడం మొదలైంది. తెలంగాణ అప్పటికి అధికారికంగా చెప్పిన మరణాలు 3,993. 2022 జనవరి నాటికి వచ్చిన దరఖాస్తులు 28 వేలు దాటాయి. ఆంధ్రప్రదేశ్ చెల్లింపుల్లో జాప్యం చూసి అదే నెలలో సుప్రీంకోర్టు ప్రధాన కార్యదర్శిని హాజరు కమ్మంది. దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాలు సుమారు 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. కేంద్ర ప్రభుత్వ జనన మరణ నమోదు నివేదికలే ఈ సంఖ్యలు చెప్పాయి, 2021 సంఖ్యనైతే 2025 మే దాకా ఆగి.

2021 మే నెల గురించి కొంచెం ఆగి చెప్పాలి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఎన్440కే అనే మార్పున్న వైరస్ ప్రయోగశాల కణాల్లో ఎక్కువగా పెరుగుతోందని రాశారు. అది వార్తల్లోకి వచ్చేసరికి 15 రెట్లు ప్రమాదకరమైన 'ఏపీ స్ట్రెయిన్' అయింది. కర్నూలులో పుట్టిందన్నారు. అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు దాని గురించి మాట్లాడారు, కర్నూలు పోలీసులు ఆయనపై కేసు పెట్టారు. ఢిల్లీ ప్రభుత్వం రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. ఎన్440కే అప్పటికే తగ్గిపోతోందని, దాని స్థానంలో వేరే రకాలు వస్తున్నాయని సీసీఎంబీవాళ్లు చెబుతూనే ఉన్నారు. నిజంగా ఊపిరి తీస్తున్నది బి.1.617. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలాఖరున దాని ప్రధాన శాఖకు డెల్టా అని పేరు పెట్టింది. ఊరి పేరుతో వైరస్‌ను పిలవడం ఆపడానికే ఆ గ్రీకు అక్షరాలు. భయపెట్టిన మాట తప్పు, దానికి పోలీసు కేసు అంతకంటే తప్పు, అప్పుడప్పుడే బయటపడుతున్న నిజం ఈ రెంటి మధ్యా నలిగిపోయింది.

ఆ నెలలోనే, చావు అంచున ఉన్నవారిని ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకొస్తున్న అంబులెన్సులను సరిహద్దులో పుల్లూరు దగ్గర, గరికపాడు దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. మే 14న తెలంగాణ హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వుపై స్టే ఇచ్చేదాకా ఆపుతూనే ఉన్నారు. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై, పైపుల్లో ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ప్రభుత్వ హత్యలని ఒకరు, శవ రాజకీయాలని ఒకరు. ఆసుపత్రి ట్యాంకులో ఎన్ని గంటల నిల్వ ఉండాలన్నది ఈ ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు.

అయ్యన్నపాత్రుడు గారూ, నర్సీపట్నం సంగతి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ నియోజకవర్గ ఆసుపత్రిలోనే ఒక మత్తు డాక్టరు 2020 ఏప్రిల్ మొదట్లో ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని బాహాటంగా అన్నారు. వెంటనే సస్పెండయ్యారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఆయన్ని పోలీసులు తీసుకెళ్లారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో గుండెపోటుతో ఆయన చనిపోయారు. ఆయన వెనుక తెలుగుదేశం ఉందని, మిమ్మల్ని కలిశాకే అలా మాట్లాడారని అప్పటి అధికార పక్షం అంది. ఉందే అనుకుందాం. మాస్కులు ఉన్నాయా, లేవా? స్టోరు రిజిస్టరు చూస్తే అరగంటలో తేలే ప్రశ్న అది. ఆయన ఎవరి మనిషి అన్న తగువు ఏడాదికి పైగా నడిచింది. మరోసారి కొత్త వైరస్ వచ్చినప్పుడు ఏ నర్సు, ఏ డాక్టరు నోరు తెరుస్తారు?

నిందలు లేని పుణ్యభూమి ఎక్కడో ఉందని కాదు. 2018 మేలో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా వచ్చి 17 మంది చనిపోయారు. పేరాంబ్ర ఆసుపత్రి నర్సు ఒకరు రోగికి సేవ చేసి ప్రాణం పోగొట్టుకుంటే, అక్కడి నర్సులను బస్సుల్లో జనం దూరం పెట్టారు. కానీ ఆరోగ్య మంత్రి శైలజ కోజికోడ్‌లోనే మకాం వేశారు, రోగులను కలిసినవారి జాబితాలు తయారయ్యాయి, ప్రతిపక్షం ఆ కొన్ని వారాలు కలిసి నడిచింది. రెండేళ్లకే కరోనా వచ్చేసరికి అక్కడి కాంగ్రెస్ అధ్యక్షుడు అదే మంత్రిని కోవిడ్ రాణి అని వెటకరించారు. మంచితనం మీద ఆధారపడితే అది ఒక సీజను నిలుస్తుంది. అందుకే పద్ధతి రాసి పెట్టుకోవాలి.

బ్రిటన్ ఆ పని చేస్తోంది. జడ్జిగా చేసిన హీథర్ హాలెట్ నేతృత్వంలో బహిరంగ విచారణ పెట్టి, మాజీ ప్రధానులను కూడా కూర్చోబెట్టి అడిగింది. మొదటి నివేదిక 2024 జులైలో వచ్చింది. స్వీడన్ కమిషన్ 2022లోనే తుది నివేదిక ఇచ్చింది. మన పక్కనే కర్ణాటక కూడా జస్టిస్ మైకేల్ డికున్హా కమిషన్ వేసింది, కానీ అది ప్రధానంగా గత ప్రభుత్వ కొనుగోళ్ల మీద. కొనుగోళ్లలో తప్పుంటే పట్టుకోవాల్సిందే. అయితే గెలిచినవాళ్లు ఓడినవాళ్ల మీద వేసే విచారణ జనం కంటికి ఎలా కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు కొరియా ర్యాపిడ్ కిట్లు ఒక్కోటి 730 రూపాయలకు కొన్నారని, ఛత్తీస్‌గఢ్‌కు 337కే దొరికాయని అప్పటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు కన్నా లక్ష్మీనారాయణ అంటే, ఆయన చంద్రబాబు దగ్గర 20 కోట్లు తీసుకున్నారని అప్పటి వైసీపీ ఎంపీ విజయసాయిరెడ్డి అన్నారు. ఆ యాంటీబాడీ కిట్లు కొత్తగా సోకిన రోగాన్ని పట్టుకుంటాయా అన్న అసలు ప్రశ్న ఆ రొదలో ఎవరికీ వినపడలేదు.

అందుకని కమిషన్ వద్దు, సభాసంఘమే కావాలి. అందులో రెండు వైపుల సభ్యులూ సమానంగా ఉండాలి. ప్రతిపక్షానికి అధ్యక్ష పదవి ఇవ్వడం మేలు గానీ, ఆ సంప్రదాయం రెండు సభల్లోనూ ఎంత చిక్కులో ఉందో మీకు తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 11 స్థానాలకు పరిమితమైన వైసీపీకి ప్రతిపక్ష హోదా దక్కక, ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి జనసేనకు వెళ్లింది. తెలంగాణలో బీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచిన అరెకపూడి గాంధీని ఆ కుర్చీలో కూర్చోబెడితే, ఆయన మావాడు కాదని ఆ పార్టీ గొడవకు దిగింది. ఫిరాయింపు పిటిషన్లు ప్రసాద్‌కుమార్ గారి ముందుకే వచ్చాయి. కుర్చీ ఎవరిదన్న తగువులో ఈ పని ఆగకూడదు. రెండు పక్షాల్లోనూ వైద్యులైన ఎమ్మెల్యేలు ఉన్నారు, వారిలో ఒకరిని పెట్టండి.

ఆ సంఘం పరీక్షల ఆదేశాలు, ఆక్సిజన్ నిల్వలు, సరిహద్దు ఉత్తర్వులు, ఎన్నికల తేదీలపై ఆరోగ్య శాఖ ఇచ్చిన నోట్లు, సస్పెన్షన్ ఫైళ్లు తెప్పించుకోవాలి. జిల్లాలవారీగా మరణాల రిజిస్టర్లు పరిహారం జాబితాలతో పోల్చాలి. ఆశా కార్యకర్తలను, శ్మశానాల్లో పనిచేసినవారిని పిలిచి వినాలి. రేపు కొత్త వైరస్ వస్తే రోజూ ఒకే సమయానికి ఒకే వైద్యాధికారి మాట్లాడాలని, ఆ బులెటిన్‌లో మతం, కులం, రోగి పేరు ఉండకూడదని, కొరత ఉందని చెప్పిన సిబ్బందిని ఆ కాలంలో సస్పెండ్ చేయకూడదని నిబంధన రాయాలి. సరిహద్దు అంబులెన్సుల విషయంలో రెండు సంఘాలూ ఒక్కసారైనా కలిసి కూర్చోవాలి.

ఆనాటి అధికారుల్లో కొందరు ఇప్పటికే రిటైరయ్యారు, మిగిలినవారూ అవుతారు. హైకోర్టుల్లో వేసిన అఫిడవిట్లు ఇంకా ఉన్నాయి, బులెటిన్లు ఉన్నాయి, సాక్షులు ఉన్నారు. వచ్చే సమావేశాల్లోనే సభాసంఘాన్ని ప్రకటించి, ఆరు నెలల గడువు పెట్టి, నివేదికను తెలుగులో జనం ముందు ఉంచమని మీ ఇద్దరికీ విన్నపం.